నీళ్లు తెల్లగా ఉన్నాయి, మీటర్ 40 చూపించింది... ఇక భయం లేదా? తుమ్మలపల్లె చెప్పే పాఠం

మా మామ నుంచి పోయిన నెల వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ఆయనది కడప జిల్లా వేముల మండలం. తుమ్మలపల్లె యురేనియం గని వాళ్ల ఊరికి దూరమేమీ కాదు. వీడియోలో రెండు గాజు గ్లాసులు ఉన్నాయి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు. ఫిల్టర్లు అమ్మే ఏజెంటు ఒకాయన నాలుగు కడ్డీలున్న చిన్న మెషీన్‌ను ప్లగ్‌లో పెట్టి, కడ్డీలను రెండు గ్లాసుల్లో ముంచాడు. నిమిషం తిరక్కుండానే బోరు నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి, పైన నురగ తేలింది. ఫిల్టర్ నీళ్లు మాత్రం అలాగే తెల్లగా ఉన్నాయి.

వెంటనే ఫోన్. "చూసినావా అల్లుడూ? ఇన్నాళ్లూ మేం తాగింది ఇదంట. యురేనియం అంతా బయటికి వచ్చిందంటున్నాడు. కళ్లారా చూసినా. ఇంకేం కావాల? ఆ ఫిల్టర్ తీసుకోమంటావా, వద్దంటావా?"

గ్యాడ్జెట్లు రివ్యూ చేసే వాడికి ఇంట్లో వాళ్ల నుంచి వచ్చే ప్రశ్నలు ఎక్కువగా "ఈ ఫోన్ కొనొచ్చా?" లాంటివే. ఇది అలాంటిది కాదు. అందుకే సమాధానం ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ మెషీన్ అసలు ఏం చేస్తుంది?

మామ చూసింది నిజమే, రంగు మారింది. కానీ ఆ రంగు నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. ఆ మెషీన్‌లో ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు ఉంటాయి. కరెంటు పెడితే ఇనుప కడ్డీ కొంచెం కొంచెంగా కరుగుతుంది. కరిగిన ఇనుము నీటితో, ఆక్సిజన్‌తో కలిసి తుప్పులాంటి పదార్థంగా మారుతుంది. కనిపించే గోధుమ రంగు అదే. నీళ్లలో ఉప్పులు ఉంటే కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ త్వరగా కరుగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పులు తక్కువ, కరెంటు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు.

మామకు ఒకటే చెప్పాను. "రేపు ఆ అబ్బాయి మళ్లీ వస్తే, ఆయన తెచ్చిన ఫిల్టర్ నీళ్లలోనే మన వంటింటి ఉప్పు చిటికెడు వేసి కడ్డీలు పెట్టమను." మామ అదే చేశాడు. 'స్వచ్ఛమైన' నీళ్లు కూడా ఎర్రబడ్డాయి. ఏజెంటు మాట మార్చాడట, "ఉప్పులో కూడా మలినాలు ఉంటాయి సార్" అని. మామ నవ్వి టీ ఇచ్చి పంపించాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం మామ మళ్లీ ఫోన్ చేసి అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "సరేలే, వాడు చూపించింది అబద్ధం. మరి మా నీళ్లలో యురేనియం ఉందా, లేదా?"

మోసం బయటపడినంత మాత్రాన నీళ్లు మంచివని తేలినట్టు కాదు. ఈ రెండింటినీ మనం తరచూ కలిపేస్తుంటాం.

రాయి మామూలుగానే ఉంటుంది

తెలియని వాళ్ల కోసం కొంచెం నేపథ్యం. తుమ్మలపల్లె గనికి 2007 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. నడిపేది ప్రభుత్వ రంగ సంస్థ యూసీఐఎల్. 2011 జులైలో అప్పటి అణుశక్తి కమిషన్ ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ, ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు ఖాయమయ్యాయని, అది లక్షన్నర టన్నుల దాకా పోవచ్చని చెప్పడంతో ఈ పేరు దేశమంతా మోగింది.

అంత పెద్ద నిల్వ అంటే అక్కడి రాయి ఎలా ఉంటుందనుకుంటున్నారు? మెరుస్తుందా? చీకట్లో పచ్చగా వెలుగుతుందా? ఏమీ లేదు. చూడ్డానికి బూడిద రంగు సున్నపురాయి లాంటి రాయి, అంతే. శాస్త్రవేత్తలు దాన్ని డోలోస్టోన్ అంటారు. అందులో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.04 శాతం. అంటే టన్ను రాయి తవ్వితే దాదాపు 400 గ్రాములు. ఆ రాయిని పొడి చేసి, క్షార ద్రావణంలో వేడితో, ఒత్తిడితో ఉడికించి యురేనియాన్ని బయటికి తీస్తారు. మిగిలిన పిండిని, అంటే దాదాపు తవ్విన రాయి మొత్తాన్నీ, టెయిలింగ్ పాండ్ అనే పెద్ద చెరువులోకి పంపుతారు. ఊళ్లవాళ్ల గొడవంతా ఆ చెరువు గురించే. అందులోంచి నీరు భూమిలోకి దిగుతోందని కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె వైపు రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ చెరువు విషయంలో సంస్థకు నోటీసు ఇచ్చింది.

ఈ గొడవలో రెండు వైపులా వినిపించే మాటలు గమనించండి. ఒకరు "నీళ్లు చూడు, ఎంత తేటగా ఉండాయో! అరటి తోటలు పచ్చగా లేవా?" అంటారు. ఇంకొకరు "పొలంలో తెల్లగా పొర కట్టింది, అదే యురేనియం" అంటారు. ఇద్దరూ చేస్తున్నది ఒకే తప్పు, కంటితో తీర్పు చెప్పడం. తేట నీళ్లలో కూడా యురేనియం ఉండొచ్చు, ఎందుకంటే అది కరిగి ఉన్నప్పుడు మన గ్లాసులో ఉండే మోతాదుకి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. పొలంలో తెల్లటి పొర ఉప్పు. యురేనియం అలా తెల్లగా పేరుకుని కనిపించదు. అయితే "అది యురేనియం కాదు" అంటే "అంతా బాగుంది" అని కాదు. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాల్సిన వేరే ప్రశ్న అలాగే ఉంటుంది. పంట ఎండితే రైతుకి పోయేది పంటే కదా, కారణం ఏదైనా.

టీడీఎస్ మీటర్: మంచి వస్తువే, తప్పు పనికి వాడుతున్నాం

ఇప్పుడు మన సబ్జెక్టుకి వద్దాం. రెండు మూడు వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికే టీడీఎస్ మీటర్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. నీళ్లలో ముంచితే ఒక నంబర్ వస్తుంది. 40 వస్తే సంతోషం, 900 వస్తే భయం. కానీ ఆ మీటర్ కొలిచేది నీళ్ల గుండా కరెంటు ఎంత పారుతుందన్నది ఒక్కటే. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఒక గుణకంతో హెచ్చించి 'పీపీఎం' అని చూపిస్తుంది. కరిగి ఉన్నది వంటింటి ఉప్పా, సున్నమా, ఇంకేదైనా విషమా అన్నది దానికి తెలియదు.

లెక్క వేసి చూద్దాం. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. ఆ 30 మైక్రోగ్రాములంటే 0.03 పీపీఎం. మీటర్ చూపించగల అతి చిన్న అంకె 1 పీపీఎం, అంటే ఆ హద్దుకి 33 రెట్లు. మీటర్ చాలా మంచిదే అనుకుని తప్పు రెండు శాతమే అనుకున్నా, 900 రీడింగ్‌లో ఆ తప్పే 18 పీపీఎం. మనం వెతుకుతున్న దానికి అది 600 రెట్లు. లారీలు తూచే కాటా మీద చీమను నిలబెట్టి బరువు చూసినట్టు ఉంటుంది.

ఫ్లోరైడ్ కూడా అంతే. హద్దు లీటరుకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి ఎముకలు వంకర్లు పోయింది తేటగా కనిపించిన నీళ్లతోనే. టీడీఎస్ మీటర్ అక్కడ కూడా ఏమీ చెప్పలేదు. బ్యాక్టీరియా సంగతి అసలే తెలియదు.

మరి మీటర్ దండగా? కాదు. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే, దాని మెంబ్రేన్ ఇంకా పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు. ఫిల్టర్ నుంచి వచ్చే నీటి రీడింగ్ నెలనెలా పెరుగుతూ పోతే మెంబ్రేన్ మార్చాలి. దాని పని అది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: సరిగా పనిచేసే ఆర్‌ఓ యురేనియాన్ని చాలావరకు తీసేస్తుంది. అంటే ఆ ఏజెంటు అమ్మిన వస్తువు పనికొచ్చేదే కావొచ్చు, చూపించిన రుజువు మాత్రం దొంగది.

'రేడియం' స్టిక్కర్ నేర్పిన తప్పు

యురేనియం అంటే వెలుగుతుందనే నమ్మకం మనకి ఎక్కడి నుంచి వచ్చింది? సినిమాల్లో పచ్చగా మెరిసే డబ్బాలు ఒక కారణం. మన ఊళ్లలో ఇంకోటి ఉంది. బైక్ నంబర్ ప్లేట్ల షాపు బోర్డు చదవండి, 'రేడియం వర్క్స్' అని ఉంటుంది. ఆ స్టిక్కర్లలో రేడియం చుక్క కూడా ఉండదు. హెడ్‌లైట్ వెలుగును వచ్చిన వైపుకే తిప్పి కొట్టే ప్లాస్టిక్ పొర అది. పాత కాలపు గడియారాల్లో నిజంగానే రేడియం రంగు వేసేవారు. అక్కడ కూడా వెలిగేది ప్రధానంగా రేడియం కాదు, దానితో కలిపిన జింక్ సల్ఫైడ్. పేరు మిగిలిపోయింది, దాంతో పాటు "రేడియేషన్ అంటే వెలుగు" అనే అపోహ కూడా మిగిలిపోయింది.

అసలు రేడియోధార్మికత బయటపడిందే కన్ను పొరబడిన చోట. 1896లో పారిస్‌లో హెన్రీ బెక్వెరెల్, యురేనియం లవణాలు ఎండ తగిలాక వెలుగుతాయి కాబట్టి, ఆ వెలుగుతో పాటే ఎక్స్‌రే లాంటి కిరణాలు కూడా వస్తాయని అనుకున్నాడు. ఎండ లేని రోజుల్లో నల్ల కాగితం చుట్టిన ఫొటో ప్లేటును, లవణాన్ని కలిపి సొరుగులో పెట్టేశాడు. మార్చి 1న ప్లేటును కడిగి చూస్తే, ఎండ లేకపోయినా మచ్చ గట్టిగా పడి ఉంది. కంటికి కనిపించిన వెలుగుకీ, ఆ కిరణాలకీ సంబంధమే లేదని అలా తేలింది. ఒక విధంగా అది కెమెరా సాధించిన విజయం.

అయితే కెమెరాను నమ్ముదామా?

ఇక్కడ ఫోన్ ప్రేమికులకు ఒక హెచ్చరిక. కెమెరా కొన్నిసార్లు కంటి తప్పును దిద్దుతుంది, కొన్నిసార్లు తానూ అదే తప్పు చేస్తుంది, కొన్నిసార్లు కొత్త తప్పు పుట్టిస్తుంది.

మొదటిదానికి చందమామ. పున్నమి రోజు కొండ మీద లేస్తున్నప్పుడు పళ్లెమంత కనిపిస్తుంది, అర్ధరాత్రికి నెత్తి మీద చిన్నదైపోతుంది. ప్రో మోడ్‌లో ఒకే జూమ్‌తో రెండుసార్లు ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. సైజు ఒకటే. ఆ పెద్దతనం మన మెదడు పుట్టించింది, అందుకే కెమెరాకి చిక్కదు.

రెండోదానికి ఎండమావి. ఏప్రిల్ మధ్యాహ్నం పులివెందుల రోడ్డు మీద ముందు నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది కదా, ఫొటో తీయండి. ఫొటోలోనూ నీళ్లే! రోడ్డుకి అంటుకున్న వేడి గాలిలో వెలుగు నిజంగానే వంగి వస్తుంది. మనం చూస్తున్నది కింద పడిన ఆకాశపు ముక్క. ఇక్కడ తప్పు మెదడులో లేదు, వెలుగు వచ్చిన దారిలో ఉంది. అందుకే కెమెరా కూడా మనతో పాటే మోసపోతుంది.

మూడోదానికి 2023 మార్చిలో జరిగిన గొడవ గుర్తుందా? ఒక యూజర్ కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మను మానిటర్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో ఫొటో తీస్తే, బొమ్మలో లేని గుంటలు, మచ్చలు ఫొటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి ఏఐతో వివరాలు మెరుగుపరుస్తామని కంపెనీ కూడా వివరించింది. అంటే "ఫొటో ఉంది కాబట్టి నిజం" అనే మాటకి కూడా కాలం చెల్లింది.

టీవీ రిమోట్ మీద బటన్ నొక్కుతూ ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి, చాలా ఫోన్లలో కంటికి కనపడని ఊదా రంగు వెలుగు కనిపిస్తుంది. ఇది చూశాక కెమెరా అన్నీ పట్టేస్తుందని నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం మీదే రేడియేషన్ యాప్‌లు బతుకుతున్నాయి. కెమెరాకి నల్ల టేపు అతికించి పెడితే, గామా కిరణాలు సెన్సార్‌ను తాకినప్పుడు తెల్ల చుక్కలు పడతాయి, ఆ సూత్రం నిజమే. కానీ అది బలమైన గామా రేడియేషన్‌కి పనికొస్తుంది. నీళ్లలోని యురేనియం ఇచ్చేది ముఖ్యంగా ఆల్ఫా కణాలు, వాటిని కాగితం ముక్క ఆపేస్తుంది. లీటరుకు 30 మైక్రోగ్రాముల దగ్గర, ఆ యురేనియంలో సెకనుకు సగటున ఒక్క పరమాణువు కూడా విచ్ఛిన్నం కాదు. అందులోంచి వచ్చే ఆల్ఫా కణం గ్లాసు దాటి బయటికే రాదు. చవక గైగర్ మీటర్‌ను గ్లాసు పక్కన పెట్టి "ఏం లేదు" అనుకోవడం కూడా ఇందుకే తప్పు. పైగా ఈ మోతాదుల్లో అసలు భయం రేడియేషన్ కన్నా రసాయన విషం గురించే, ముఖ్యంగా మూత్రపిండాలకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది కూడా ఆ లెక్క మీదే.

కొబ్బరికాయ లేచి నిలబడింది

రాయలసీమలో కళ్లారా చూసిన సాక్ష్యం ఎంత ఖరీదైనదో బోరు వేయించిన ప్రతి రైతుకీ తెలుసు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తారు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందంటారు. నిలబడుతుంది కూడా, నేను చూశాను. పట్టుకున్న వాళ్లు మోసగాళ్లని కూడా నేను అనను. మన చేయి మనకి తెలియకుండానే చేసే చిన్న కదలికలు కాయను లేపుతాయి. కాయ కదిలింది నిజం, కదిలించింది మాత్రం నీళ్లు కాదు. పరీక్షించాలంటే అదే మనిషికి కళ్లకు గంతలు కట్టి అదే పొలంలో నాలుగుసార్లు తిప్పండి, నాలుగుసార్లూ ఒకే చోట లేస్తుందేమో చూడండి. బోరు విఫలమైతే పోయేది అప్పు తెచ్చిన డబ్బు. ఇప్పుడు అదే పని చేస్తామంటూ ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. ఫోన్‌లో ఉన్నది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే దిక్సూచి సెన్సార్. భూమి కింద 600 అడుగుల్లో నీళ్లున్నాయో లేదో దానికేం తెలుసు? కాయ పోయి గ్రాఫిక్స్ వచ్చాయి, అంతే తేడా.

మరి ఏం చేయాలి?

నేను చెప్పేది "కళ్లను నమ్మొద్దు" అని కాదు. ఏ సాధనమైనా, కన్నయినా సరే, అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది అసలు కొలిచేది ఏమిటి? నాకు కావాల్సింది అదేనా?

నీళ్లలో యురేనియం తేల్చడానికి సరైన సాధనాలు ఉన్నాయి. ఒకటి ఐసీపీ-ఎంఎస్ అనే ల్యాబ్ యంత్రం. రెండోది ఎల్‌ఈడీ ఫ్లోరిమీటర్. ఇది భలే ఉంటుంది: నమూనాలో ఒక రసాయనం కలిపి అల్ట్రావయొలెట్ వెలుగు కొడితే, కరిగిన యురేనియం పచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగును సెన్సార్ కొలిచి మైక్రోగ్రాముల్లో లెక్క చెబుతుంది. సినిమావాళ్ల పచ్చ వెలుగులో నిజం అంతవరకే ఉంది. మన కన్ను దాన్ని చూసి లెక్క కట్టలేదు, మీటర్ కట్టగలదు.

మామూలు నీటి పరీక్ష కేంద్రాలు టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా లాంటివి చూస్తాయి. యురేనియం పరీక్ష అన్ని చోట్లా ఉండదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ముందే ఫోన్ చేసి "యురేనియం విడిగా చూస్తారా? ఎన్ని మైక్రోగ్రాముల దాకా పట్టగలరు?" అని అడగండి. బాటిల్ వాళ్లిచ్చేదే వాడండి, కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లొద్దు. ఒక్క రిపోర్టుతో ఆపకండి. వర్షాలకు ముందు, తర్వాత చూపించండి. యురేనియం ఉన్న రాళ్ల ప్రాంతంలో గని లేకపోయినా నీళ్లలోకి కొంత సహజంగా దిగుతుంది. కాబట్టి ఎంత సహజం, ఎంత కొత్తగా వచ్చింది అన్నది ఏళ్ల తరబడి అంకెలు ఉంటేనే తేలుతుంది.

కానీ ఈ భారమంతా రైతు మీదే ఎందుకు వేయాలి? ఇదే నా అసలు అభిప్రాయం. గని చుట్టూ ఉన్న ప్రతి ఊరి బోరు నీళ్ల ఫలితాలు, తేదీతో, ల్యాబ్ పేరుతో, మైక్రోగ్రాముల్లో, తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి. పక్కనే రెండు హద్దులూ, 30, 60, రాసి ఉండాలి. రిపోర్టులో 45 వస్తే ఒక హద్దు ప్రకారం దాటినట్టు, ఇంకో హద్దు ప్రకారం దాటనట్టు. ఆ సంగతి తెలుసుకునే హక్కు తాగే వాడికి ఉంది. "సురక్షితమే, భయపడకండి" అనే మాట కూడా చివరికి కొబ్బరికాయ లాంటిదే, అంకె చూపించనంతవరకు. గోడ మీద అంకె లేకపోబట్టే కడ్డీల మెషీన్ ఇంటింటికీ తిరగగలుగుతోంది.

మాలాంటి రివ్యూ సైట్లకీ ఇందులో వాటా ఉంది. టీడీఎస్ మీటర్లకు స్టార్లు ఇచ్చేటప్పుడు డిస్‌ప్లే బాగుంది, బ్యాటరీ బాగుంది అని రాస్తాం. "ఇది ఏం కొలవలేదు" అన్న లైను రాయం. ఇకపై నేను రాసే ప్రతి హెల్త్, వాటర్ గ్యాడ్జెట్ రివ్యూలో ఆ లైను మొదట ఉంటుంది.

మామ ప్రస్తుతం ఏ ఫిల్టరూ కొనలేదు. ల్యాబ్ వాళ్లిచ్చిన బాటిల్‌లో బోరు నీళ్లు పట్టి పంపించాడు, రిపోర్టు ఇంకా రావాలి. నిన్న రాత్రి మళ్లీ ఒక ఫొటో పంపాడు, గ్లాసు నిండా నీళ్లు. కింద "చూస్తే ఏం తెలీదు గదా అల్లుడూ" అని రాశాడు. తెలీదు మామా. ఎంత జూమ్ చేసినా తెలీదు.